మచ్చు ముక్క

ఆ బుధవారం సాయంత్రం మేడమెట్లు ఎక్కేటప్పటికి నా దగ్గర ఉన్నవి ఒక తాళంచెవి, చొక్కా జేబులో అరచేతి వెడల్పు గుడ్డముక్క, నోట్లో ఒకే ఒక్క మాట. తాళంచెవి చర్చి సంఘానిది, ప్రార్థన గదిది, గంటయ్యాక పాస్టరు అయ్యగారికి అప్పజెప్పాల్సింది. గుడ్డముక్క మిల్లు వాళ్ళు పంపిన మచ్చు. మాట ఆమేన్. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో పని అలాగే పంచుకున్నాం, వ్యాపారం నాది, విశ్వాసం మా ఆవిడది. ఆమె కళ్ళు మూసుకుని దేవుడితో పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది, నేను పక్కన నిలబడి ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి ఆమేన్ అనేవాణ్ణి. బేరం ఆమె కుదిర్చేది, ముద్ర నేను వేసేవాణ్ణి. ఆమె పోయాక ముద్ర ఒక్కటే మిగిలింది, వేయడానికి కాగితం లేదు. గొళ్ళెం తీసి తలుపు తోశాను. వారమంతా మూసిన గది వాసన, సుద్దపొడి, పాత పాటల పుస్తకాల అట్టలు, ఎండకి కాగిన చెక్క. కింద టైలరు మిషను తడతడమంటోంది. నేల సన్నగా అదురుతోంది. ఎవరూ లేరు. నాలుగు కొట్టింది.

కుర్చీలు వేయడం ఆమె పనే. నేను గోడవార పేర్చినవాటిని తీసి ఒక్కొక్కటే వేశాను, ఆమె వేసినట్టే అర్ధచంద్రంలా, అందరికీ అందరి ముఖాలూ కనబడేలా. ఎవరూ రారని తెలిసీ ఎందుకు వేస్తున్నావని ఎవరైనా అడిగితే నేనూ ఒకటి అడుగుతాను. పొద్దున షాపు తెరిచేటప్పుడు మాత్రం ఎవరొస్తారని తెలిసి తెరుస్తాను? కిటికీకి కర్టెను లేదు. సాయంత్రపు ఎండ నేరుగా వచ్చి మూడు కుర్చీల మీద పడుతుంది, కాసేపటికి నాలుగోదాని మీదికి జరుగుతుంది. ఈ గదిలో ముసలమ్మలు నిండుగా ఉన్న రోజుల్లో ఆమె పాట మధ్యలో లేచి, రాగం వదలకుండానే, ఎవరి మొహం మీద ఎండ పడుతోందో చూసి ఆ కుర్చీని నీడలోకి లాగేది. కుర్చీలో మనిషి ఉండగానే లాగేది. ముసలమ్మ కుర్చీతో సహా జరుగుతూ పాడుతూనే ఉండేది. నాకు నవ్వొచ్చేది. ప్రార్థనలో నవ్వకండి అని కళ్ళతోనే కసిరేది. ఇప్పుడు ఎండ ఖాళీ కుర్చీల మీద పడుతోంది, లాగాల్సిన పనేమీ లేదు. అయినా ఒకదాన్ని పక్కకి జరిపాను.

ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు మట్టిలోకి, కొందరు కూతుళ్ళ ఇళ్ళకి. వయసులో ఉన్నవాళ్ళకి ఆదివారం పెద్ద మందిరం చాలు, అక్కడ మైకులున్నాయి, ఫ్యాన్లున్నాయి, వాయిద్యాలున్నాయి. బుధవారం సాయంత్రం మేడమీది గదికి ఎవరొస్తారు? గది యజమానికి సామాన్లు పెట్టుకోవడానికి చోటు కావాలట. మొన్న ఆదివారం అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడు, చెడు వార్త చెప్పేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. "అంకుల్, ఈ బుధవారం మీరు కాకుండా ఒక్కరొచ్చినా ప్రార్థన కూడిక కొనసాగిద్దాం. లేకపోతే తాళం ఇచ్చేయండి. సరుకు కదలని కొట్టు తెరిచి కూర్చుంటే ఏం లాభమని మీరే అంటుంటారుగా." అంటాను. ఎన్నోసార్లు అన్నాను. నా మాట నాకే అమ్మాడు. నేను కొనక తప్పలేదు.

ఇద్దరైనా ముగ్గురైనా తన పేరుతో కూడుకుంటే చాలు, మధ్యలో నేనుంటానని ప్రభువు మాట. మా ఆవిడకి ఆ మాటంటే ప్రాణం. వర్తకుడిగా నాకు ఆ మాటలో ఒక చిక్కు కనబడుతుంది. ఇద్దరన్నాడు, ముగ్గురన్నాడు, ఒక్కడి సంగతి చెప్పలేదు. ఒక్కడే వస్తే ఆయన వస్తాడా రాడా? ఒప్పందంలో రాయనిదాన్ని ఎలా అడుగుతాం? ఆమెనే ఒకసారి అడిగాను. పప్పు కడుగుతూ, "ఒక్కరే ఉన్నప్పుడు కూడా ఉంటాడండీ, కాకపోతే ఒక్కళ్ళమే ఉంటే మనకి నమ్మబుద్ధి కాదు, అందుకే రెండో మనిషి" అంది. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఈ కుర్చీల మధ్య కూర్చుంటే తెలుస్తోంది, రెండో మనిషి దేవుడికి కాదు, నాకే కావాలి. ఆమె ప్రార్థించేటప్పుడు నేను దేవుణ్ణి చూసేవాణ్ణి కాదు, ఆమెనే చూసేవాణ్ణి. అంత నిబ్బరంగా మాట్లాడుతోందంటే అవతల వినేవాడు ఉండే ఉంటాడు అనుకునేవాణ్ణి. ఫోనులో మాట్లాడే మనిషి మొహం చూసి అవతలి గొంతును ఊహించుకున్నట్టు.

రెండో మనిషిని తేవడం నాకు కష్టమా? షాపులో సేల్సుమాన్‌కి ఒక్క ఫోను చేస్తే చేతిలో గజంబద్ద పట్టుకునే పరుగెత్తుకొస్తాడు, చెప్పిన చోట కూర్చుంటాడు, చెప్పినప్పుడు లేస్తాడు. అయ్యగారు లెక్క అడిగితే లెక్క సరిపోతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. కొత్తగా షాపు పెట్టినవాళ్ళు బంధువులను కూర్చోబెట్టి గిరాకీ ఉన్నట్టు చూపిస్తారు, నేనూ చేశాను, అది వ్యాపారంలో తప్పు కాదు. కానీ ఆమె అన్నీ చూసేది, ఇది చూసి ఏమంటుందో వినబడినట్టే అయింది, "దేవుడి ముందు కూడా షో చేస్తున్నారా?" ఫోను జేబులో పెట్టేశాను. వేళ్ళకి గుడ్డముక్క తగిలింది. నూలు, కాస్త గరుకు, నీళ్ళలో పడితే మెత్తబడే రకం. లేత ఆకుపచ్చ. ఎండకి రంగు వెలవదని మిల్లు వాళ్ళ మాట.

మెట్ల మీద చప్పుడు. చెప్పుల చప్పుడే. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. బరువైన మనిషి. నిటారుగా కూర్చున్నాను. షాపు మొదటి రోజున గుమ్మం వంక చూసినట్టు తలుపు వంక చూశాను. ఎవరబ్బా, అప్పుడెప్పుడో వచ్చే నర్సమ్మా? మోకాళ్ళ నొప్పులన్న పెద్దావిడా? ప్రభువా, ఎవరైనా సరే. తలుపు దగ్గర ఒకావిడ, ఎప్పుడూ చూడని మనిషి, దవడకి చేతిరుమాలు అదిమిపెట్టి, బుగ్గ ఒకటి గుమ్మడికాయలా ఉబ్బి. కుర్చీలన్నీ చూసింది, నన్ను చూసింది.

"పళ్ళ డాక్టరు ఇక్కడేనా అండీ?"

"పైన అమ్మా. ఇంకో అంతస్తు."

"ఇన్ని కుర్చీలుంటే ఇదేననుకున్నా. ఎవరూ లేరేంటి, డాక్టరు మంచోడు కాదా ఏంటి?"

"మంచోడేనమ్మా" అన్నాను. ఎవరి గురించి అన్నానో నాకే తెలియలేదు. గిరాకీని గుమ్మంలోంచి వెనక్కి పంపని నాలిక నాది, కాసేపు కూర్చోండమ్మా, ఆయాసం తీర్చుకోండి అనబోయింది. కూర్చునేది. లెక్కకి ఒక మనిషి అయ్యేది. కానీ ఆ కళ్ళల్లో నొప్పి చూశాను, "ఆ రెయిలింగు పట్టుకుని ఎక్కండి, మూడో మెట్టు విరిగింది" అన్నాను. ఆమె ఎక్కుతుంటే చప్పుడు నా తల మీదుగా పైకి వెళ్ళిపోయింది. కింద మిషను, పైన డ్రిల్లు, మధ్యలో నేను. పనిచేసే ఇద్దరి మధ్య ఖాళీగా కూర్చున్న మూడోవాణ్ణి.

షాపులో నేను నేర్పే మొదటి పాఠం ఇదే, గిరాకీ గుమ్మం దాటేదాకా విప్పిన గుడ్డ తాను చుట్టకూడదు. బల్ల మీద పది రకాలు విప్పి పరిచాం, కొనడానికొచ్చినావిడ అన్నీ పట్టుకు చూసింది, మొహం చిట్లించింది, మళ్ళీ వస్తామంది, లేచింది. అప్పుడు చాలామంది విసుక్కుని గుడ్డ చుట్టడం మొదలుపెడతారు. ఆ చుట్టే చప్పుడు ఆమెకి వినబడుతుంది. ఇక నీతో పని లేదు పో అన్నట్టు వినబడుతుంది. చుట్టకుండా వదిలేస్తే, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరుగుతుంది. ఎంతమంది అలా తిరిగి వచ్చారో. ఈ సంగతి మా ఆవిడకి కొత్తలో చెప్పాను, గొప్పగా చెప్పాను. ఆమె దాన్ని ఎక్కడ వాడిందంటే ఆసుపత్రిలో. డాక్టరు రిపోర్టులు ఒకదానిమీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, ఫైలు మూసి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. బయటికొచ్చాక నా చెయ్యి గిల్లి, "నేనింకా గుమ్మం దాటలేదు, ఆయనెందుకండీ అప్పుడే చుట్టేస్తున్నాడు?" అంది. ఆసుపత్రి వరండాలో ఇద్దరం పడీ పడీ నవ్వాం. అందరూ మా వంక చూశారు. అదే మేం కలిసి నవ్విన ఆఖరి పెద్ద నవ్వు అని అప్పుడు తెలిస్తే ఇంకాసేపు నవ్వేవాళ్ళం.

సంఘమంతా ప్రార్థించారు. ఉపవాసాలున్నారు. ఈ గదిలో, ఇవే కుర్చీల్లో, ముసలమ్మలు గొంతులు పోయేదాకా అడిగారు. నేను ప్రతి మాటకీ ఆమేన్ అన్నాను, అంత గట్టిగా జీవితంలో ఎప్పుడూ అనలేదు. ఆమె పోయింది. సరుకు చేరకపోతే ఎవరిమీద ఫిర్యాదు చేయాలో ప్రతి వ్యాపారంలోనూ ఒక పద్ధతుంది, ఇక్కడ అది కూడా లేదు. చివరి రోజుల్లో ఒకసారి ఆమెమీదే విరుచుకుపడ్డాను. "ఇంతమంది అడుగుతున్నారు, ఆయన పలకడం లేదు, ఇంకా ఏం చూసుకుని ఆ ధైర్యం నీకు?" ఆమె దిండు మీద తల తిప్పింది. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం బేరమాడేటప్పటి కళ్ళే. "బతుకుతానని కాదండీ నేను ఎదురుచూసేది. బతికితే ఇక్కడ ఉంటాడు, పోతే అక్కడ ఉంటాడు. వదలడు. అంతే నా నిరీక్షణ." దుప్పటి లాక్కుంటూ, "మీరే కాస్త అలవాటు పడాలి" అంది.  ఆ తర్వాతే కర్టెన్ల సంగతి ఎత్తింది. ఆ గదికి కర్టెన్లు కావాలి, ముసలాళ్ళకి ఎండ పడుతోంది, మంచి నూలు తెప్పించండి. నేను మచ్చులు తెచ్చి మంచం మీద పరిచాను. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నలిపి, లైటుకి అడ్డుపెట్టి, ఈ ఆకుపచ్చది ఎంచుకుంది. రేపు లేచి నడిచే మనిషిలా ఎంచుకుంది. అప్పటికే ఈ గదికి వచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అయినా నేను ఆర్డరు పెట్టాను. మనిషి మంచంలో ఉండగా ఆమె ఎంచుకున్న గుడ్డ వద్దని ఏ వర్తకుడు అంటాడు?

టోకు బట్టల వ్యాపారమంటే తెలియనివాళ్ళు మేం గోదాములకి వెళ్ళి, బేళ్ళు విప్పి, తానులు పరిచి చూసి కొంటామనుకుంటారు. అలా ఎవరూ కొనరు. మిల్లు నుంచి ఇదిగో, ఇంత ముక్క వస్తుంది. దాన్ని లాగి చూస్తాం, తడిపి చూస్తాం, అంచున పోగు తీసి కాల్చి వాసన చూస్తాం. అంతే. ఈ ముక్కను నమ్మి బేలు మొత్తానికి మాట ఇచ్చేస్తాం. చూడని గుడ్డ, ఇంకా నేయని గుడ్డ. కొన్నిసార్లు పత్తి ఇంకా చేలోనే ఉంటుంది. అంతా మచ్చు మీదే నడుస్తుంది, మచ్చు అబద్ధమాడితే వ్యాపారమే లేదు. నమ్మకం గురించి ఆదివారం ఆదివారం ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఒక్కటీ బుర్రకెక్కలేదు. జీవితమంతా చేసిన పనే అదని ఎవరూ చెప్పలేదు. ఎండ నాలుగో కుర్చీ మీదికి వచ్చింది. ఆమె కుర్చీ. మరి నాకు దేవుడి దగ్గర్నుంచి వచ్చిన మచ్చు ఏదీ? నన్ను నేనే అడిగి నవ్వుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ మచ్చు నా పక్కనే నిలబడి రాగం వదలకుండా కుర్చీలు లాగింది. లాగి చూశాను, తడిపి చూశాను, చివర్లో నిప్పు కూడా తగిలింది. రంగు వెలవలేదు.

పొద్దున కూడా కర్టెను గుడ్డ కోసం మిల్లు మేనేజరుకి ఫోను చేశాను. "దారిలో ఉంది సార్" అన్నాడు. ఎప్పుడడిగినా దారిలోనే ఉంటుంది. మా అల్లుడు ఆ ఆర్డరు రద్దు చేసేద్దాం మామయ్యా, ఇంకెవరికి ఆ కర్టెన్లు అన్నాడు. నేను విననట్టు గజంబద్ద తుడుచుకున్నాను.

గడియారం ఐదుకి దగ్గర పడుతోంది. కింద మిషను ఆపకుండా కొడుతూనే ఉంది. ఆ టైలరుకీ నాకూ పడదు. నేను రెడీమేడ్ బట్టలు అమ్మడం మొదలుపెట్టాక అతని దగ్గరికి కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు, అది నిజమే, కాదనను. నేను మెట్లెక్కుతుంటే ప్రతి బుధవారం ఏదో ఒకటి విసిరేవాడు. "ఏం షావుకారూ, మీ దేవుడు కూడా రెడీమేడేనా, కొలతలు తీసుకోడా?" మా ఆవిడ మాత్రం "తమ్ముడూ" అని పిలిచి దిండుగలీబులో, సంచులో కుట్టమని ఏదో ఒక పని ఇచ్చి వెళ్ళేది. ఆమె ప్రార్థన మొదలుపెట్టగానే కింద మిషను ఆగిపోయేది. "చూశారా, అతను వింటున్నాడు" అనేది ఇంటికి వెళ్తూ. "ఏం వింటాడు, మిషనులో దారం బాబిను మార్చుకుంటున్నాడు" అనేవాణ్ణి. "ప్రతి బుధవారం అదే టైముకి బాబిను అయిపోతుందా?" "టీ తాగుతాడేమో."  ఇవాళ మాత్రం నాలుగు నుంచి మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో చెప్పలేను, బహుశా కుర్చీలు తిరిగి పేర్చడానికి. పేరిస్తే ఆ చప్పుడు వినబడుతుంది. ఎవరికి వినబడుతుందో కానీ వినబడుతుంది. నేనింకా గుమ్మం దాటలేదు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని నోరు తెరిచాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది. "ప్రభువా, నాకు ఈ పని రాదు. ఇది ఆమె చూసుకునేది. నీకు తెలుసు." ఆగాను. తర్వాత ఏమంటారు? స్తుతి ఉండాలి, ఒప్పుకోలు ఉండాలి, ఆమె అన్నీ వరసగా మడతపెట్టేది. "ఎవరూ రాలేదు. కుర్చీలు వేశాను. నీ దగ్గరకొచ్చిన ఆ మనిషి నీతో బాగానే ఉందని నమ్ముతున్నాను. చూడలేదు. చూడకుండానే నమ్ముతున్నాను, మచ్చు మంచిది కనక. ఆమెను ఎందుకు ఇవ్వలేదని ఇంకా కోపంగానే ఉంది, అది దాచను, దాచినా నువ్వు తడిపి చూస్తావు. ఇంట్లో రాత్రిపూట ఎవరూ లేరు. రెండు కంచాలు తీసి ఒకటి మళ్ళీ లోపల పెడుతున్నాను. నాతో ఉండు. పైకి వెళ్ళిన ఆవిడ పన్ను నొప్పి తగ్గించు. కింద ఉన్న అతనికి పని ఇవ్వు, నా వల్ల కొంత పోయింది." ఇంకేమీ రాలేదు. అప్పుడు వినబడింది. వినబడకపోవడం వినబడింది. పాదాల కింద నేల కదలడం లేదు. మిషను ఆగింది. ఎప్పుడాగిందో నాకు తెలియదు. కళ్ళు తెరవకుండా నిలబడ్డాను, వీధిలో సైకిలు బెల్లు, పైన నీళ్ళు పారే చప్పుడు, కింద ఏమీ లేదు. "ఆమేన్" అన్నాను. నేను చెప్పిన ప్రార్థనకి నేనే. కాసేపు ఏమీ లేదు. తర్వాత తడతడ, మెల్లగా మొదలై, ఎప్పటి జోరు అందుకుంది.

ఒక్కసారి జరిగినదాన్ని రుజువని ఏ వర్తకుడూ అనడు. బాబినే కావచ్చు.

కుర్చీలు పేర్చలేదు. తాళం వేసి దిగాను. టైలరు తల ఎత్తకుండా గుడ్డ తోస్తున్నాడు, నోట్లో గుండుసూదులు.

"బాబిను అయిపోయిందా ఇందాక?" అన్నాను.

సూదులు తీసి అరచేతిలో వేసుకున్నాడు. "ఆఁ. అయిపోయింది." మళ్ళీ నా వంక చూసి, "కర్టెను గుడ్డ ఎప్పుడొస్తది?" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"అక్క చెప్పింది. కొలతలిచ్చింది. అదిగో." మిషను వెనక గోడ మీద సుద్దతో రాసిన అంకెలు, వాటి చుట్టూ గీసిన గీత. గోడంతా కొత్తగా సున్నం వేశాడు, ఆ గీత లోపల మాత్రం వేయలేదు. "వస్తదా రాదా చెప్పు షావుకారూ. లేకపోతే అది కూడా వేసేస్తా."

"వస్తుంది" అన్నాను.

"నువ్వు చూశావా?"

జేబులోంచి ముక్క తీసి ఇచ్చాను. బొటనవేలితో రుద్దాడు, వెలుతురుకి పట్టాడు, అచ్చం ఆమె పట్టినట్టే. "బానే ఉంది" అని తిరిగి ఇచ్చేశాడు. మిషను మీదికి వంగి, నన్ను చూడకుండానే, "వచ్చే వారం కాస్త గట్టిగా చెప్పు. అక్కది స్పష్టంగా వినబడేది. నీది సగం తెలీలేదు" అన్నాడు.

అప్పటికి అయ్యగారు బండి ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డారు. చెయ్యి పట్టుకోబోయారు. "ఎవరైనా వచ్చారా అంకుల్?"

"లోపలికి ఎవరూ రాలేదు అయ్యగారూ. గుమ్మం దగ్గర ఒక గిరాకీ ఉంది. ఇప్పుడు చుట్టేస్తే బాగుండదు."

ఆయన వీధి అటూ ఇటూ చూశారు, టైలరు కొట్టు వంక చూశారు. ఏమర్థమైందో, "సరే అంకుల్, యజమానితో నేను మాట్లాడతాను, ఒప్పుకుంటాడో లేదో మాత్రం చెప్పలేను" అన్నారు. చాచిన చెయ్యి అలాగే నా భుజం మీద వేసి తీశారు.

ఇంటికి నడిచాను. తలుపు తీస్తే ఎప్పటిలాగే ఎవరూ పలకలేదు. జేబులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టుకున్నాను. తాళంచెవి ఉంది, ఇవ్వలేదు. గుడ్డముక్క ఉంది, మూల కాస్త నలిగింది. నోట్లో ఒకటే మాట పట్టుకెళ్ళాను, తిరిగొచ్చేసరికి దాని ముందు చెప్పుకోవడానికి నాలుగు మాటలు దొరికాయి. సరుకు ఇంకా రాలేదు. ఆర్డరు అలాగే ఉంది.